దిశ

విశాఖపట్నం నుంచి జీపులో ముగ్గురం వచ్చాం.
కమాండర్ గారు, ఫొటోలు తీసే కుర్రాడు,
ఫారం నింపే నేను.
నాది పొందూరు. సముద్రం తెలీదు, నూలు తెలుసు.
అయినా ఆ జిల్లా మాట నీకొచ్చు గదా అని
నన్ను ముందు సీట్లో కూర్చోబెట్టారు.

కళింగపట్నం. వంశధార కలిసేచోట
ఇసుక రోజుకో రకంగా ఒరిగి పడుకుంటుందట.
ఆ రాత్రి ఎక్కడ నిలబడి చూశారో చూపించమంటే
ఆ చోటు ఇప్పుడు నీళ్ళలో ఉందన్నారు.

లైట్‌హౌస్ డ్యూటీ ఆయన ఏమీ చూడలేదు.
"రాత్రంతా నా దీపాన్నే చూస్తాను సార్,
బయట ఏముందో అదే చూసుకుంటుంది."

గనగళ్ళ జోగులు, ఆరో తరగతి,
మూడు వెలుగులన్నాడు, కాసేపటికి అయిదన్నాడు,
కుర్రాడు బిస్కెట్ పాకెట్టు విప్పాక
తొమ్మిదయ్యాయి.

సూరాడ అసిరమ్మ నెత్తళ్ళు ఆరబోస్తోంది.
వయసు?
"నీకెంత తోస్తే అంత రాసీ బావూ."
పరిమాణం?
చెయ్యి చాపి రెండు వేళ్ళెత్తింది, నిమ్మకాయంత.
కమాండర్ గారు వంగి
ఆమె వేళ్ళ మధ్య ఉన్న ఖాళీని
స్కేలు పెట్టి కొలిచారు.
మూడున్నర సెంటీమీటర్లు. రాశాను.
వ్యవధి?
"సుట్ట సగం కాలినంత సేపు."
సగం చుట్ట అంటే ఎన్ని నిమిషాలు?
"గాలిని బట్టి."
పదకొండు అని రాశాను, సుమారు అని కూడా.
శబ్దం?
"నేదు. కుక్కలు సైతం ఊరుకున్నాయి."

తర్వాతి గడి, దిశ.
ఎనిమిది దిక్కులు అచ్చువేసి ఉంటాయి,
ఒకదానికి సున్నా చుట్టాలి.
ఎటెళ్ళింది? తూర్పుకా?
"కాదు."
పైకా?
"నేదు. లోపలికెల్లిపోనాది."
సముద్రం లోపలికా?
నా వైపు చూసింది,
చేప పేరు తప్పుగా పలికిన వాణ్ణి చూసినట్టు.

బొడ్లోంచి చుట్ట తీసింది. వెలిగించింది.
రెండు పీల్పులు పీల్చి, కొస ఎర్రబడ్డాక,
తిప్పి
నిప్పు వైపు నోట్లో పెట్టుకుని
పెదాలు మూసేసింది.
కమాండర్ గారిది హర్యానా. అడ్డపొగ చూసెరగరు.
ఆపడానికన్నట్టు అడుగు ముందుకేసి
నెత్తళ్ళ మీద బూటు పెట్టారు.

పెదాల సందున కాస్త పొగ.
నిప్పు లేదు.
మేం ముగ్గురం ఒక ముసలమ్మ బుగ్గల వైపు
ఆకాశం వైపు చూసినంత సేపు చూశాం.

అప్పుడు తీసి చూపించింది.
అలాగే ఉంది, ఇంకా ఎర్రగా.
"ఆరిపోనేదు బావూ. అలగ ఎల్లింది.
అయినా, బయల్దేరినోల్లని ఎటని అడక్కూడదు.
మీ ఆపీసరుకి ఆల్లమ్మ సెప్పనేదేటి?"

ఇంత పొడుగు మాట హిందీలోకి ఎలా వెయ్యను?
"ఈశాన్యం సార్," అన్నాను.
ఆమె కూర్చున్న ముఖం అటే ఉంది, అంతకంటే ఆధారం లేదు.
సున్నా చుట్టాను.
ఆ సున్నా సరిగ్గా కలవలేదు,
కొస కొంచెం లోపలికి పోయింది.

బూటు కింద నలిగిన చేపలకి
కమాండర్ గారు వంద నోటు ఇవ్వబోతే తీసుకోలేదు,
నలగనివి ఓ పొట్లం కట్టి జీపులో పడేసింది.
రణస్థలం దాటాక ఆయన అద్దం దించారు.
ఏదో అడుగుదామని నా వైపు తిరిగి
మళ్ళీ రోడ్డు చూశారు.

నెల తర్వాత కాగితం వచ్చింది:
"వాతావరణ బెలూన్ కావచ్చు. విచారణ ముగిసినది."
కింద చిన్న పొడి సంతకం, నాదే.
ఫైలు కట్టి రికార్డు గదికి పంపాను.

ఇప్పటికీ ఆ అర తెరిస్తే
ఎండు నెత్తళ్ళ వాసన. గుమాస్తాలు నన్నే తిడతారు.
రాత్రి డ్యూటీలకి ఇంట్లోంచి వచ్చేటప్పుడు
మా ఆవిడ గుమ్మంలో నిలబడుతుంది.
ఎటు అని ఇన్నేళ్ళలో ఒక్కసారీ అడగలేదని
ఈమధ్యనే గమనించాను.
అడగడమే జీతం అయిన వాణ్ణి.