మన్నెగూడ దాటినంక

లంగర్‌హౌజ్ ఫ్లైఓవర్ కింద, పొద్దున ఐదుంబావుకు
నలుగురం, నాలుగు సైకిళ్లు, ఒక్కటే పంపు.
విక్టర్ పీటీ సారు. ఆయన సైకిలు కూడా పీటీ సారే,
సన్నగ, నిటారుగ, ఎవ్వర్నీ కూసోనియ్యదు.
పుష్పలీల నిలోఫర్‌ల నైట్‌డ్యూటీ దిగి సీదా వచ్చింది,
హ్యాండిల్‌కు టిఫిన్ డబ్బా, రెప్పల మీద నిద్ర.
నాది కిరాయిది. మూడో గేరు పడదు.
ఇఫ్తెకార్ తమ్ముని బిడ్డ సైకిలు తెచ్చిండు,
గులాబి రంగుది, ముందట అల్లిన బుట్ట.
మేం నవ్వినం.
ఆయన గంట కొట్టిండు.

అప్పా జంక్షన్ దాకా పట్నం మమ్ముల వదల్లే.
రేకుల గోడల మీద రేపటి మేడల బొమ్మలు;
ఆ బొమ్మల్ల గూడ ఎవరో సైకిల్ తొక్కుతుండ్రు,
చెమట లేకుండ.
ఇఫ్తెకార్ ప్రతి బోర్డు కాడ తప్పులు వట్టిండు:
"ఇక్కడ ఒత్తు ఎగిరింది. అక్కడ అక్షరాలకు ఊపిరాడ్తలేదు."
ఇరవై రెండేండ్లు పెండ్లి కార్డులు అచ్చేసిన కండ్లు.

మొయినాబాద్ దాటినంక ముక్కుకు ముందు తెలిసింది:
తడిసిన కొత్తిమీర, దాని ఎన్క పేడ,
దాని ఎన్క ఎక్కడ్నో తోటల గులాబీలు.
చేవెళ్లల చాయ్ పోస్తున్న ముసలామె
పుష్పలీలను పైకీ కిందికీ చూసింది:
"నీకు బస్సు ఫిరీ గద బిడ్డా,
కాళ్లెందుకు నొప్పిచ్చుకుంటున్నవ్?"
మాలో ఎవ్వరికీ జవాబు రాలే.
ఇంకో చాయ్ తాగినం.

మన్నెగూడ దాటినంక ఎత్తు మొదలైంది.
ఎదురెదురు కూసుంటే నోరు దాటని మాట
సైకిల్ మీద దాటుతది గావచ్చు.
మొఖాలు కనవడయి, ముందట రోడ్డే ఉంటది.

"ప్రెస్సు మూతవడ్డది" అన్నడు ఇఫ్తెకార్.
ఒక కరెంటు స్తంభం ఎన్కకు పోయింది.
"రెండు నెలలాయె."
ఇంకో స్తంభం.
"ఇంట్ల చెప్పలే. రోజూ డబ్బా గట్టిస్తది.
పబ్లిక్ గార్డెన్ల కూసోని తిని
ఆరింటికి ఇల్లు జేర్త."

అయ్యో అననీకి గూడ ఒక ఊపిరి గావాలె.
ఆ ఎత్తు మీద ఎవ్వరి దగ్గరా మిగల్లే.
అదే మంచిదైంది.
నాలుగు చెయిన్ల చప్పుడు మాత్రం ఇన్నం,
నా గేరు కిర్రుమన్నది.
పొద్దటి సంది ముందటున్న విక్టర్
ఏమనకుండ ఎన్కకు జారి
గులాబి సైకిల్ పక్కకు వచ్చిండు.

పైన, కల్వర్టు మీద, పుష్పలీల డబ్బా తీసింది.
నిన్నటి పులిహోర, కొంచెం ఎండింది.
నాలుగు చేతులు ఒక్కసారే వడ్డయి.
ఇఫ్తెకార్ గబగబ తిన్నడు, తలెత్తకుండ,
ఎవరన్న చూస్తరన్నట్టు.
తర్వాత నెమ్మదైండు.

రాత్రి అనంతగిరిల గదికి ఫ్యాను లేదు,
ఫ్యాను అవసరమూ లేదు.
విక్టర్ గురక వెట్టిండు. మేం ముగ్గురం మేల్కొని
డబ్బుల సంగతి కాదు, పిల్లల ఫీజుల సంగతి కాదు,
పాత సీసపు అక్షరాలు ఎంత బరువుంటయో మాట్లాడినం.

తెల్లారి దిగుడు. తొక్కే పని లేదు.
చెట్ల సలి చొక్కాలల్ల జొచ్చింది.
మలుపు కాడ బోర్డు: "నెమ్మదగా పోవలెను".
"గుడి మర్చిపోయిండు యార్!" అని
గాలిల కేకేసిండు ఇఫ్తెకార్.
మేం ముగ్గురం ఒకర్నొకరు చూసుకోలే.

దసరా ముందటి ఆదివారం. కాళ్లు మొరాయించినయి.
బంతిపూల డీసీఎం ఆపి
సైకిళ్లతో సహా మూటల మీద వడ్డం.
పుష్పలీల ఎక్కంగనే నిద్రవోయింది,
జడల పూలు దూరినా తెలువది.

గుడిమల్కాపూర్‌ల దించేసరికి
చువ్వల సందున పసుపు రేకులు.
ఇఫ్తెకార్ బుట్టల నాలుగు సీతాఫలాలు,
పగుళ్లు వడ్తున్నయి, రేపటిదాక ఆగయి.
"ఇయ్యాల్నే ఇయ్యాలె" అన్నడు,
పండ్లను చూస్కుంట.

ఆసిఫ్‌నగర్ గల్లీలకు మల్లిండు.
గంట కొడ్తడనుకున్న. కొట్టలే.
గుంతల మీద పోతుంటే
అదే మోగింది, చిన్నగ.