ట్రయల్ అద్దం

ఆదివారం పగటీలి మిల్లు కాంటా బంద్ చేసి
అంగీ మీది ఊక దులుపుకోకుండనే పోత
సుదర్శనం ఇంటికి.
మిర్యాలగూడల మా గల్లీకి మూడో గల్లీ.
ముందటర్ర కుట్టు దుకాణం, ఎనకర్ర సంసారం.
గుడ్డ ముక్కలు ఆయన ఊడ్చి మూలకేస్తడు,
పేక ముక్కలు జానీమియా కలుపుతడు.

ఐదుగురం. ఏడాదికి నలభై ఎనిమిది ఆదివారాలు.
పైసలు లెవ్వు. పైసలుంటే దోస్తులుండరని
మొదటి దినమే ఉప్పలయ్య అన్నడు,
అన్నోడే ఒక్క పాయింటుకు గంటసేపు కొట్లాడుతడు.
డ్రాపుకు ఇరవై, నడుమ దిగితే నలభై,
తప్పు షోకు ఎనభై.
బుక్కుల రాసేది నేను.
లారీల ధాన్యం తూసే చెయ్యి,
నీ రాత మీద అనుమానమేందన్నరు.

మూడో వారమో నాలుగో వారమో.
సుదర్శనం ఈపు ఎనక నిలువుటద్దం,
పెండ్లి కోటు కుట్టిచ్చుకున్నోళ్లు
తిరిగి తిరిగి చూసుకునేది.
అందుల ఆయన బట్టతల,
భుజం మీదికెల్లి పదమూడు ముక్కలు
విసనకర్ర లెక్క ఇప్పుకొని.
ఏడు అంకె ఎడమకు తిరిగున్నది.
కళావర్ రాణి నా దిక్కే చూస్తున్నది.

చూసినవా అంటే చూసిన.
కావాలని చూసినవా అంటే
కండ్లు ఎటన్న పెట్టాలె కదా.
ఆయనకు అక్కరున్న డైమండ్ తొమ్మిది
నా చేతుల ముసల్దయ్యేదాక పట్టుకున్న.

బస్తాకు కిలో తరుగు రాయమని
మిల్లు సేటు కండ్లతోని చెప్తే
రాయనని ఎదురు మాట్లాడినోన్ని.
ఆ ముచ్చట మా ఇంటామెకు పదిసార్లు చెప్పుకున్న.
అద్దం ముచ్చట చెప్పలె.

చిత్రమేందంటే, అంత చూసినా
దసరా నాటికి ఆయన కౌంటే డెబ్బై తక్కువ.
నేను రాణిని ఆపితే, రాణిని ఇడిచిపెట్టి
రెండు మూడు నాలుగుల మీదికి దిగుతుండె.
నాకు కోపమొచ్చింది.
దొంగకొచ్చే కోపం, అందుకే న్యాయం మాట్లాడిన.
ముక్కలు మంచిగ కలుపుతలేరన్న.
జానీమియా అడుగు ముక్క చూపెడుతున్నడన్న.
జానీమియా నా మొఖం దిక్కు చూసి
చెప్పులేసుకున్నడు.
ఎనకటి వారం రాలె.
లోపల్నించి అలవాటుకు ఐదు గ్లాసుల చాయే వచ్చింది,
ఒకటి మీగడ కట్టింది.

ఆఖరి ఆదివారం. నాకూ ఆయనకూ తేడా పదకొండు.
మిగిలినోళ్లు చూడనీకి కూసున్నరు,
జానీమియా కూడ, తలుపు కాడ.
పంచకముందు సుదర్శనం లేసి
ఎవలిదో కుట్టని సఫారీ గుడ్డ, బూడిద రంగుది,
అద్దం మీద కప్పిండు.
గుండుసూదులు పెదవుల నడుమ పట్టుకొని
చెక్క అంచుకు ఒక్కొక్కటే గుచ్చిండు.
ఆఖరి సూది తీసినంక అన్నడు:
"అద్దంల చూస్తే కొలత దొరకది తమ్మీ.
కూసో, ఇయ్యాల ఆడుదాం."

ఎవలకూ ఏం తెల్వలె.
నాకు చెవులు కాలినయి.
ఏడాదంత ముక్కలు నాకు పరిచి పెట్టి
ఆడిండు ఈ మనిషి,
పరిచి పెట్టి గెలుస్తుండె.

ఆ ఆట నేనే షో కొట్టిన.
ఒరిజినల్ ఒకటి, జోకరుతోని ఇంకోటి, రెండు సెట్లు.
ఆయన చేతుల పద్నాలుగు.
మూడు పాయింట్లతోని నేనే ఫస్ట్ అని
ఉప్పలయ్య చప్పట్లు కొట్టిండు.
సుదర్శనం కూడ కొట్టిండు, మెల్లగ,
మెడల టేపు ఊగేటట్టు.

పెన్ను తీసుకొని ఆయన కింద పద్నాలుగేసిన.
నా కింద ఎనభై ఏసిన.
కూడిన. చదివిన.
"అదెట్ల, గెలిచినోనికి ఎనభయ్యా?" ఉప్పలయ్య.
తప్పు షో అన్న.
"ఎప్పటిది?"
పాతదన్న.

సుదర్శనం బుక్కు చూడలె.
అద్దం మీది సూదులు
ఒక్కొక్కటే పీకి మెత్తకు గుచ్చుకుంటున్నడు.

జానీమియా అప్పటికే సందు మలుపు తిరిగిండు.
ఆయనకింక చెప్పలె.
చెప్పాలె.
సైకిల్ స్టాండు తీసిన.