కదలొద్దు

చేపల కోసం చేయించిన గాజు తొట్టి ఇది.
చేపలు లేవు.
కొళాయి నీళ్లు రాత్రంతా తేరనిస్తాను,
ఒక్క బుడగ మిగిలినా బొమ్మ చెడుతుంది.
వెనక తెల్ల డ్రాయింగు షీటు,
పక్కన పెళ్లిళ్లకు మోసి మోసి సొట్టపడిన ఫ్లాష్,
సిరంజిలో బడిపిల్లల నీలిసిరా.

ఒక చుక్క.
ముందు దారం.
దారం తన ముడి తానే విప్పుకుని పొగ,
పొగలోంచి గొడుగు,
గొడుగు అంచున మళ్లీ దారాలు.
నాలుగో సెకనుకు నొక్కాలి.
ఐదోది ఆలస్యం.

ముప్పయ్యేళ్లు మనుషులకు ఒకటే మాట చెప్పాను.
గడ్డం కొంచెం కిందికి, కండ్లు ఇటు, కదలొద్దు.
పెళ్లికొడుకులకు,
హజ్‌కు పోయే ముసలివాళ్లకు,
రేషన్ కార్డు కోసం బిగుసుకున్న కుటుంబాలకు,
చంకలో ఏడ్చే బిడ్డకు కూడా.
సిరాకు ఒకసారి చెప్పి చూశాను.
నాకే నవ్వొచ్చింది.

ఆ అక్టోబరులో తుంగభద్రా హంద్రీ
ఒకదాన్నొకటి తోసుకుంటూ కర్నూలు పాతబస్తీలోకి వచ్చి
నా చాందినీ స్టూడియోలో ఫ్యాను రెక్క దాకా నిలబడినాయి.
నీళ్లు తీసినాక షట్టర్ ఎత్తితే
ఆల్బములు నానిన రొట్టెల్లా ఉబ్బి ఉన్నాయి.
ఒకటి తెరిచాను.
పెళ్లికూతురి ఎరుపు వరుడి చొక్కా మీదికి జారింది,
పందిరి ఆకుపచ్చ అత్తగారి ముఖంలో పారింది,
ముక్కులూ కళ్లూ ఎవరివి ఎవరివో.
బాధపడాలి. పడ్డాను, అల్లా సాక్షి.
కానీ ఆ పేజీ మీద చెయ్యి ఆగిపోయింది.
ఎంత బాగుందో, అనుకున్నాను.
ఆ మాట ఇంతవరకు మా ఫాతిమున్నీసాకు కూడా చెప్పలేదు.

నిన్న సుంకులమ్మ వచ్చింది మార్కెట్ యార్డు నుంచి,
కొంగుకు ఉల్లిపొట్టు అంటుకుని.
"ఏం పీరా, మా పెండ్లి పోటో యాడన్నా దొరికెనా?"
ఏటా అడుగుతుంది. ఏటా లేదంటాను.
ఈసారి ఎందుకో గోడ మీది బొమ్మ చూపించాను,
పసుపునీళ్లలోకి ఎర్రసిరా వాలుతున్నది.
చానాసేపు చూసింది.
"మా ఆయప్ప యాడుండాడు దీంట్లో?"
లేడన్నాను.
"మరి నాకెందుకు చూపిస్తివి?"
అని స్టూలు లాక్కుని కూర్చుంది.
పెన్షన్ కాగితానికి ఫోటో కావాలట.

కదలొద్దు, అన్నాను.
"ఆ నీళ్లకు చెప్పవు గానీ నాకు చెప్తావా"
అంటూ పైట సర్దుకుంది.
నేను నొక్కేశాను.
చెయ్యి ఉండాల్సిన చోట
ఉల్లిపొర రంగు పొగ.

పెన్షనుకు మళ్లీ తీశాను, రాయిలా కూర్చుంది.
పోతూ పోతూ ఆ చెడిపోయినదే అడిగి
ముప్పై అంటే ఇరవైకి బేరమాడి
రవికలో దోపుకుని పోయింది.

తొట్టిలో అప్పటికి నీళ్లన్నీ ఒకటే రంగు.
మోరీలో పారబోశాను.
మా సందులో మోరీలన్నీ
హంద్రీ దిక్కే పోతాయి.