ఆరు బారల తాడు

డాబాగార్డెన్స్‌లో ఆ కొట్టు అద్దాల వెనక
లేతనీలం గొడుగేసుకుని
నాలుగు చక్రాల తోపుడుబండి ఒకటి
నన్నే చూస్తోంది.

పదకొండు వేలు.
తోసి చూడండి మేడమ్, అన్నాడు కుర్రాడు.
తోశాను. నున్నటి టైల్సు మీద
వెన్నలా జారింది.

ఆరిలోవలో మా కొండవాలు ఇంటికి
అరవై ఎనిమిది మెట్లు.
గ్యాసుబండ మోసే సింహాద్రే
ముప్ఫయ్యో మెట్టు మీద కూలబడి బీడీ వెలిగిస్తాడు.
బండినీ, బండిలో బిడ్డనీ
ఎవరు తోస్తారు, ఎటు తోస్తారు?

చీటీ తీశాను.
ఎనిమిదో నెల, నిద్రపట్టని రాత్రుళ్ళు
ఫోను వెలుగులో రాసుకున్నది.
సీసాలు ఉడికించే యంత్రం,
పాలు వెచ్చబెట్టే యంత్రం,
బిడ్డ ఏడిస్తే పక్కగదిలోకి కబురు చెప్పే యంత్రం.
మాకు పక్కగది లేదు.

అయినా చెయ్యి ఊరుకోదు.
బొటనవేలంత మేజోళ్ళ జత తీసి
చెవి దగ్గర పెట్టుకున్నాను,
ఎందుకో.

నిన్న కిందింటి నూకరత్నం ఈ చీటీ పట్టుకుని
చదవడం రాదు కనుక పొడుగు చూసి నవ్వింది.
"ఓలమ్మా, ఇది పురిటికా, పెళ్ళికా?"
ఆమె రెండోవాడు
హుద్‌హుద్ పోయిన తెల్లారి పుట్టాడు.
రేకులెగిరిపోయి, స్తంభాలు రోడ్ల మీద పడుకుని,
వారం పాటు ఊరంతా చీకటి.
"ఏటున్నాయే అప్పుడు నా కాడ?
పాలంటావా, నాకాడే ఉన్నాయి.
మాయమ్మ నేతచీర చింపితే పదారు గుడ్డలు.
మూతున్న బకెట్టు. టార్చిలైటు.
అన్నీ సరిపోనాయి గానీ
గుడ్డలారనేదే తల్లీ!
దండేన్ని కూడా గాలే పట్టుకుపోనాది.
తడిగుడ్డే మళ్ళీ కట్టినాను.
ఒరుసుకుపోయి ఆడేడిస్తే
నానూ ఏడిసినాను."

కొట్టు కుర్రాణ్ణి అడిగాను, తాడుందా అని.
ఊయలకా మేడమ్?
కాదు, బట్టలారేసుకోడానికి.
అతను నా పొట్టని చూశాడు, చీటీని చూశాడు,
లోపలికెళ్ళి ఓనర్ని పిలుచుకొచ్చాడు.

మా గెడ్డ దోమలకి భయపడి దోమతెర కొన్నాను.
మేజోళ్ళు కూడా. చెప్పానుగా, చెయ్యి ఊరుకోదని.
అక్కణ్ణించి ఆటోలో ఫిషింగ్ హార్బరు.
వలలల్లే ఎర్రయ్య మావ
తాడు తూకానికిస్తాడు.
ఎంత గావాలమ్మా?
మా కిటికీ నుంచి నూకరత్నం గుంజ దాకా.
చేతులు చాపి కొలిచాడు, ఆరు బారలు.
ఏటి మోయాల ఇది?
మేజోళ్ళు చూపించాను.
పొగాకు నమిలే నోటితో పగలబడి నవ్వి
"కోనాలు లాగిన తాడిది!" అన్నాడు,
డబ్బులు సగమే తీసుకున్నాడు.

షిప్‌యార్డు డ్యూటీ దిగొచ్చి దాలినాయుడు
ముడేసి, రెండు చేతులా వేలాడి చూశాడు.
గుంజ కదిలితే నూకరత్నం కిందనుంచి తిట్టింది.

ఎవరూ తొడగని మేజోళ్ళకి
ఉతుకెందుకు?
ఉతికాను.
రెండు క్లిప్పులు, రెండు మేజోళ్ళు,
మిగతా తాడంతా సముద్రపు గాలిది.

తెల్లారి ముట్టుకుని చూస్తే
ఒకటి ఆరింది.
రెండోది, ఎడమకాలిదనుకుంటా,
ఇంకా చెమ్మగానే ఉంది.
చీటీ వెనక్కి తిప్పి రాశాను:
ఇంకో తాడు.