రోగి జవాబివ్వడం లేదు

కోపెన్‌హాగెన్ ఆసుపత్రి, నాలుగో అంతస్తు, పన్నెండో మంచం.
గ్రీన్‌లాండ్‌లో ఉపెర్నవిక్ నుంచి
మూడు విమానాలు మారి వచ్చిన ఇలన్‌గ్వాక్ గారు.
అరవై ఏడేళ్లు. వృత్తి: సీల్ వేట.

మూడు రోజులు అడిగాను.
నొప్పి ఉందా?
మాత్ర పడిందా?
చెవుడేమోనని గట్టిగా అడిగాను.
తర్వాత నెమ్మదిగా, ఒక్కో మాటా విడదీసి,
చేపముక్కలో ముళ్లు ఏరి
పసివాడికి పెట్టినట్టు.
నోరు మెదపలేదు.
మూడో రాత్రి కంప్యూటర్లో ఎక్కించాను:
"రోగి జవాబివ్వడం లేదు. సహకారం తక్కువ."
పక్కన నా పేరు, టైము పదకొండూ నలభై.

దుబాసీ గురువారాలే వస్తుంది.
అవియాజ వచ్చింది,
తడి బూట్లు గుమ్మంలో విప్పి, కుర్చీ లాక్కుని
ముందు మంచు గురించి మాట్లాడింది,
తర్వాత ఎవరివో కుక్కల గురించి.
నేను గడియారం చూశాను.
పన్నెండు నిమిషాలు కుక్కలు!

"నొప్పి ఉందేమో అడుగు" అన్నాను.
ఆమె అడగలేదు. నా వైపు తిరిగింది.
"చెప్పాడుగా."
ఎప్పుడు?
"ఇప్పుడే. డేనిష్ అర్థమవుతుంది ఆయనకి,
మాట్లాడ్డానికే నోరు తిరగదు."

కనుబొమలెత్తితే అవును.
ముక్కు చిట్లిస్తే కాదు.
మా ఊళ్లో పాలు తాగే పిల్లలకీ తెలుసు, అంది.

ముఖం చూడలేదా నేను?
చూశాను. నోటివంకే చూశాను.
జవాబు అక్కణ్ణుంచే వస్తుందని
ఎవరు చెప్పారో నాకు.

మంగళవారం రాత్రి
ఆ నుదురు ఎన్నిసార్లు ముడతలు పడి లేచిందో!
వెలుతురు కళ్లలో పడుతోందనుకుని
దీపం తగ్గించాను.
నొప్పి అంటున్న మనిషికి
చీకటిచ్చి వెళ్లాను.

రాసింది చెరపనివ్వదు కంప్యూటర్.
కింద ఇంకో వరుస చేర్చనిస్తుంది, అంతే.
కనుబొమలకి గడి లేదందులో.
"ఇతర వివరాలు" దగ్గర కొట్టాను:
జవాబిచ్చారు. నేను చదవలేదు.

ఆ రాత్రి లిఫ్టు అద్దంలో సాధన చేస్తున్నాను.
రెండో అంతస్తులో ఎక్కిన సర్జన్
"ఒంట్లో బాలేదా, ఇంగెలిసే?" అన్నాడు.
ముక్కు చిట్లించాను.
తుమ్ము వస్తోందనుకుని, పాపం, మూలకి జరిగాడు.

తెల్లారి, "కిటికీ తెరవనా?" అన్నాను.
కనుబొమలు లేచాయి.
తెరిచాను. మార్చి గాలి రివ్వున లోపలికొచ్చింది.
పక్క మంచాయన దుప్పటి తలదాకా లాక్కుని
డేనిష్‌లో నన్ను తిట్టాడు.
అది మాత్రం
ఒక్క ముక్క పోకుండా అర్థమైంది.