ఇరవైమూడో పట్టీ

నాచారం పారిశ్రామిక వాడలో రెండో అంతస్తు.
కింద బిస్కెట్ల ఫ్యాక్టరీ వాసన,
పైన నేనూ, నా లాగుడు యంత్రం.

పొద్దున్నే చెంగిచెర్ల నుంచి ఐసు డబ్బా వస్తుంది.
అందులో బర్రె గుండెను చుట్టుకుని ఉండే పొర.
కడిగి, కణాలన్నీ కరగదీసి,
మిగిలిన తెల్లటి అల్లికను ఉప్పునీళ్ళలో నానేస్తాను.
వెలుతురుకు పట్టి చూస్తే
తడిసిన నూలుచీర కొంగులా ఉంటుంది.

సెంటీమీటరు వెడల్పు, ఆరు సెంటీమీటర్ల పొడవు.
రెండు దవడల మధ్య బిగిస్తాను.
తెర మీద గీత ముందు బద్ధకంగా పాకుతుంది,
పోగులన్నీ ఒక్క దారికి వచ్చాక
నిటారుగా లేస్తుంది.
తర్వాత చిన్న చప్పుడు.
తడి కాగితం విడిపోయినంత.

ప్లాస్టిక్ వల కొందరిని లోపల కోసిందట,
అందుకే మళ్ళీ మాంసం వైపు తిరిగాం.
మూత్రనాళం కింద ఊయలలా కడతారు దీన్ని.
తుమ్మినప్పుడు, బిందె ఎత్తినప్పుడు,
మెట్రో మెట్ల మీద కాలు తడబడినప్పుడు
కింద నుంచి ఒక్క క్షణం అరచేయి అడ్డం పెట్టాలి.
అంతే దాని ఉద్యోగం.

ఇరవైమూడో పట్టీ తెగలేదు.
దవడల్లోంచి జారిపోయింది.
రిమార్కుల గడిలో 'జారింది' అని రాశాను.
జారినవాటిని లెక్కలోకి తీసుకోం,
తెగినదానికే అంకె ఉంటుంది.

అప్పుడే గది తుడుస్తూ వచ్చింది అండాలమ్మ.
దగ్గు తన్నుకొస్తే కాళ్ళు మెలేసుకుని
బల్ల అంచు పట్టుకుంది.
ఆ నిలుచునే తీరు నాకు తెలుసు.
పాప బడిలో తల్లుల పరుగుపందెం రోజున
నేనూ అట్లాగే నిలుచున్నాను,
మోకాలి నొప్పని అబద్ధం చెప్పి.

"గిదేంది మేడం, గీ తోలు ముక్క?"
చెప్పాను.
చీపురు గోడకు ఆనించింది.
"ఇరువై ఏండ్లు ఇటుకలు మోసిన. నలుగురిని కన్న.
బోడుప్పల్‌ల సగం ఇండ్లు నా నెత్తిమీదికెల్లే లేసినయ్.
పెండ్లికి పోతె మూలకు కూసుంట.
నీళ్ళు తాగుడు తగ్గించిన, పాత చీరె మడత వెట్టుకుంట.
డాక్టరుకు ఎట్ల చెప్పాలె, కారుతదని?"

కిటికీ పక్కన ఇంకో పరీక్ష నడుస్తోంది.
గాజు గొట్టంలో ఒక పట్టీ, దానికి వేలాడే చిన్న బరువు.
బరువు పెరగదు, తగ్గదు.
రోజులు మాత్రం పోతుంటాయి.
పట్టీ తెగదు. ఎవరూ చూడనప్పుడు
వెంట్రుకవాసి వెంట్రుకవాసి సాగుతుంది.
అండాలమ్మ ఆ గొట్టం ముందు వంగి
చాలాసేపు చూసింది.
"గిదే," అంది.

"మరి దగ్గుకు ఎంత జోరు వెట్టిండ్రు?"
అంకె చెప్పాను.
"తుమ్ముకు?"
అదీ చెప్పాను.
"నవ్వుకు?"

కాగితాలు తిరగేశాను.
పద్నాలుగు పేజీల పద్ధతిలో
నవ్వు ఎక్కడా లేదు.

ఆమెకు నవ్వొచ్చింది. గబుక్కున నోరు మూసుకుని
బాత్రూం వైపు నడిచింది,
పరుగెత్తితే ఇంకా నష్టమని తెలిసినవాళ్ళ నడక.

సాయంత్రం అందరూ వెళ్ళాక
యంత్రానికి కొత్త వరుస రాశాను:
చిన్నది, చిన్నది, పెద్దది,
కాస్త ఆగి, ఊపిరందక ఇంకొకటి,
ఆపుకోబోయి ఆపలేని నాలుగు.
దవడలకు గరుకు కాగితం అతికించి
ఆ ఇరవైమూడో పట్టీనే మళ్ళీ బిగించాను.
నిబంధన ఒప్పుకోదు. తెలుసు.

కింద రెండో షిఫ్టు బిస్కెట్లు కాలుతున్నాయి.
పట్టీ సాగుతోంది, ముడుచుకుంటోంది.
వెయ్యిన్నీ పదకొండో నవ్వుకి
ఇంకా పట్టుకునే ఉంది.
యంత్రం ఆపలేదు.
లైటు వేసే ఉంచి తాళం పెట్టాను,
పొద్దున అందరికంటే ముందొచ్చేది ఆమే కదా.