అడుగు నుంచి

ముందు నా పొయ్యి కాయిల్ పోయింది.
ఎడమవైపు వెనకది, కాస్త వాలి ఉండేది,
పంతొమ్మిదేళ్లు టీ కాచింది.
తర్వాత కుట్టుమిషను పెడల్ మీద కన్నేశాడు గాని
నేను దాని మీంచి కాలు తియ్యలేదు.

షెడ్డులో సెల్బీ
గడువు తీరిన మంటలార్పే సిలిండరుని
మెడ దగ్గర కోశాడు.
మంటలార్పే దాన్నే
మంట మీద కూర్చోబెడుతున్నావా అన్నాను.
నవ్వలేదు. కొలతలో ఉన్నాడు.

అడుగున బెజ్జం. బెజ్జంలో నడుమ తొలిచిన బోల్టు.
పైనుంచి నిటారుగా ఒక ఇనుప కడ్డీ,
పెన్సిల్ ములికిలా చెక్కిన కొన
అందులో సరిగ్గా కూర్చోవాలి.
కడ్డీ లేస్తే సీసం దిగుతుంది.
కడ్డీ దిగితే సీసం ఆగుతుంది.
అంతే, అన్నాడు.
మా గన్నెట్ కోవ్‌లో
'అంతే' అన్న మాటకి ఒక చలికాలం పడుతుంది.

సీసం ఎక్కడెక్కడిదో.
టైర్ల కొట్టు ఆర్చిబాల్డ్ బకెట్టుతో ఇచ్చిన చక్రాల బరువులు,
కూల్చేసిన చర్చి కప్పు అంచుల రేకు,
కాడ్ వేట ఆగిపోయాక ముప్పై ఏళ్లు
గోనెసంచిలో పడుకున్న
వాళ్ల నాన్న వల గుండ్లు.
ఒక్కోదాన్నీ పటకారుతో కొరికి చూడడం నా వంతు.
పన్ను దిగితే సీసం.
దిగకపోతే జింకు, అవతల పారెయ్,
అది కలిస్తే కుండంతా గంజి అవుతుంది.

తడి తగలకూడదు.
ఒక్క మంచు పలుకు చాలు,
కరిగిన సీసం లేచి మొహం మీదికొస్తుంది.
బూట్లు బయటే దులుపుకుని,
కిటికీ బార్లా తెరిచి,
ఈదురుగాలిలో వణుక్కుంటూ
మంట పక్కన నిలబడ్డాం.

కరిగింది. పైన బూడిదరంగు మీగడ.
కొవ్వొత్తి ముక్క పడేశాడు.
పొగ, భగ్గుమని ఒక నాలుక,
కాసేపు షెడ్డంతా క్రిస్మస్ రాత్రి వాసన.
కిట్టం ఎప్పుడూ పైనే తేలుతుంది వెర్నా,
గరిటె ముంచితే ముందు అదే వస్తుంది,
మంచిదంతా అడుగున.
అందుకే ఇదంతా, అన్నాడు.

అందుకే కాదు.
పోయిన ఫిబ్రవరిలో
గరిటె పట్టిన కుడిచెయ్యి సంగతి నాకు తెలుసు.
అతని ఎడమ బూటు మీద
ఇప్పటికీ నాలుగు వెండి మచ్చలు.
అంతకన్నా ముందే
సాసర్ మీద కప్పు గలగలలాడడం విన్నాను.
అప్పట్నుంచీ మగ్గులోనే పోస్తున్నాను.
ఎందుకని అతను అడగలేదు.
నేనూ చెప్పలేదు.

ఈ మీటని పట్టుకోనక్కర్లేదు, నొక్కితే చాలు.
దానికి పిడి,
విరిగిన తెడ్డుది.

మొదటి పోతకి ఏమీ రాలేదు. ముక్కు గడ్డకట్టింది.
టార్చి మంట చూపిస్తే వచ్చింది,
వచ్చింది ఇక ఆగనంది.
టప్. టప్. టప్.
బల్ల మీద, ఇటిక మీద, అతని పరువు మీద.
అంతా వంపేసి, చల్లార్చి, కడ్డీ తీసి
కొనకి గరుకు పేస్టు రాసి
రెండు అరచేతుల మధ్య కవ్వంలా
మూడు సాయంత్రాలు తిప్పాడు.
ఆ పనికి వణుకు కూడా
సాయం పట్టింది.

శనివారం అచ్చు నేను పట్టాను, మీట అతను.
సన్నటి తీగ, చప్పుడు లేకుండా దిగింది.
పది లెక్కపెట్టి తెరిస్తే
ఒక గుండు, ఎనిమిది ఔన్సులు,
నడుమ దారంలా అతుకు గీత.
ఇందులో వాళ్ల నాన్న ఎంత, చక్రాలెంత,
చర్చి మీద కురిసిన వానలకి కాపు కాసింది ఎంత,
విడదీయడం ఇక ఎవరి తరమూ కాదు.
కొక్కెం మొలిచే చోట కాస్త సొట్ట.
అది నా అచ్చు కదిలినందుకు.

ఇంకా కారుతుంది, కొంచెం.
ముక్కు కింద ఖాళీ సార్డీన్ డబ్బా పెట్టాడు.
పోత అయ్యాక, అంతా చల్లారాక
వొంగి లెక్కపెట్టుకుని ఇంట్లోకొస్తాడు.
ఇవాళ మూడు చుక్కలే, అంటాడు,
మగ్గు రెండు చేతులా పట్టుకుని.